ఆగాల్నా, రావాల్నా?

మా పెద్దబాపు, మా నాన్నకు అన్న, మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. సిరిసిల్లలో, మా మరమగ్గాల షెడ్డు ముందు, రోజూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలోనే. సగం తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టాడట, మళ్లీ ఎత్తలేదు. మల్లాపూర్ బడిలో నేను పాఠం చెబుతుండగా ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు.

"చెల్లె, బాపు పోయిండే. పొద్దుగూకకముందే ఎత్తాలంటున్నరు. జల్ది రా. బస్సుకే రా, బండి మీద రాకు."

బస్సు కోసం నిలబడే ఓపిక నాకెక్కడిది? స్కూటీ తీశాను. అది నా తప్పే, ముందే ఒప్పుకుంటున్నాను. జూన్ మొదటి వానల కాలం, మబ్బు కళ్లముందే కనబడుతోంది. కోరుట్ల దాటాను. చందుర్తి ఇంకా రాకముందే ఎదురుగా తళుక్కుమని మెరిసింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. పదకొండు దగ్గర ఉరిమింది.

ముప్పై లోపు ఉరిమితే ఆగాలి. మా ఇంట్లో అది చట్టం. రోడ్డు పక్క ఊళ్లో పంచాయతీ ఆఫీసు తలుపు తెరిచి ఉంది. స్కూటీని బయటే వదిలేసి లోపలికి ఉరికాను. పెద్దబాపు కడసారి చూపు దక్కుతుందో లేదో తెలియదు. ఏడుపు వస్తోంది, కోపం కూడా వస్తోంది, ఆ కోపం ఎవరి మీదో తెలియదు.

కిటికీలోంచి చూస్తే, ఎదురుగా వేపచెట్టు కింద ఒకతను పాలక్యాన్లు కట్టిన మోటారుసైకిలు మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు.

"ఏయ్ తమ్మీ, చెట్టుకింద ఏందయ్యా! లోపలికి రా!" అని అరిచాను.

"ఏం గాదక్కా! బండి మీదనే ఉన్న గదా, టైర్లు రబ్బర్వి!"

"మబ్బుల కెళ్లి అంత దూరం గాలిని చీల్చుకొని అచ్చేదానికి నీ బెత్తెడు రబ్బర్ అడ్డమా? ఉరుకు!"

గొణుక్కుంటూనే వచ్చాడు. నేను అన్న ఆ మాట నాది కాదు, పెద్దబాపుది. ఆ సంగతే అంటే, ఎవరాయన అని పాలతను అడిగాడు, చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు సగమే చెప్పగలిగాను. మొత్తం మీకు చెబుతున్నాను.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. మాకు నాలుగు. నాలుగూ ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా చెవిన పడదు. అందుకే మా వాళ్లంతా ఇంట్లో కూడా అరిచే మాట్లాడతారు. పెళ్లికి నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్లు మేం కొట్లాడుకుంటున్నామనుకొని గడపలోనే ఆగిపోయారు. పెద్దబాపుకు మాత్రం ఒక వింత అలవాటు. ఫోన్ మోగితే ముందు నాలుగు సాంచాలూ బందు చేయించేవాడు, ఆ తర్వాతే ఎత్తేవాడు. పైగా అవతలివాళ్లు చెప్పింది తిరిగి వాళ్లకే అప్పజెప్పేవాడు. "ఏందీ, పెండ్లి పదిహేను తారీకా? పదిహేనేనా? ఇంకోసారి జెప్పు." బీమా అమ్మేవాళ్లు చేసినా అంతే. పనివాళ్లు సేటుకు చెవుడని నవ్వుకునేవారు. చెవుడేమీ లేదు. మరి ఎందుకో నాకూ చాలా ఏళ్లు తెలియలేదు.

రెండో అలవాటు మబ్బు పట్టినప్పటిది. ఉరుములు ఇంకా దూరంగా ఉండగానే చేతిలో ఎర్ర గుడ్డ పట్టుకొని గేటు ముందు నిలబడి, వచ్చే సైకిలునల్లా, మోటారుసైకిలునల్లా ఆపేవాడు. కార్లనూ బస్సులనూ వదిలేసేవాడు. "ఆళ్లకు సుట్టూ ఇనుప డబ్బ ఉన్నది, అద్దాలు ఎక్కించుకొని గూసుంటరు. మనకు నెత్తిమీద ఏమున్నది? ఎంట్రుకలు!" ఒకసారి కొండగట్టుకు పోతున్న భార్యాభర్తలను ఆపాడు. వెనక కూర్చున్నామె కళ్లు మూసుకొని "అర్జునా ఫల్గుణా" అని ఒకటే జపం. "అర్జునుని పేర్లు లోపల గూసుండి సదువమ్మా, ఆయినకు ఈడికెళ్లి గూడ ఇనవడ్తయి" అన్నాడు.

ఆపినవాళ్లకు చాయ్ పోయించేవాడు. ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట దాటితేగానీ వదలడు. మధ్యలో ఇంకొకటి ఉరిమిందా, లెక్క మళ్లీ మొదలు. "వాన ఆగింది గదా కాకా" అని ఎవరైనా విసుక్కుంటే, "నిన్ను వానకు ఆపిన్నా? తడిస్తే ఎండుతవు" అనేవాడు.

పొలాల మధ్య ఇల్లే దొరక్కపోతే ఎట్లా అని నేనొకసారి అడిగాను. "గప్పుడు బండిని ఇడిసిపెట్టి దూరం జరుగు. చెట్టు వద్దు, కరెంటు స్తంభం వద్దు, తీగల కంచె వద్దు. నీళ్లు లేని పల్లం జూసి, మడిమెలు కలిపి గొంతుకూసో. పండుకోకు. గది గూడ దిక్కులేనప్పుడే బిడ్డా, ముందుగాల ఇల్లు ఎతుక్కో" అంటూ వాకిట్లో తనే కూర్చుని చూపించబోయి, పంచె కాళ్లకు తట్టుకొని వెల్లకిలా పడ్డాడు. వాడకట్టంతా విరగబడి నవ్వింది. ఆయన లేచి దుమ్ము దులుపుకున్నాడు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. యాదికుంటది."

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న పిడుగు పడి పోయాడు. పెద్దబాపుకు ఆయన ఒక్కడే తమ్ముడు. అమ్మనూ నన్నూ పెద్దబాపే సాకాడు, నన్ను టీచర్ని చేశాడు. ఉద్యోగం వచ్చి నేను ఈ స్కూటీ కొన్న రోజు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగినవాడు పెట్టకుండానే లేచాడు.

"బిడ్డా, ఇది నడిపే ముందుగాల నీకొక మాట జెప్పాలె. ఇన్నంక నువ్వు నన్ను తిట్టినా సరే."

కోరుట్లలో ఒకాయన సాంచాలు మూసేస్తూ మిగిలిన పడుగు నూలు ఇస్తానన్నాడట. పడుగంటే బట్టలో నిలువు పోగులు. నాన్న మోటారుసైకిలు మీద తేవడానికి వెళ్లాడు. మధ్యాహ్నం తిరుగు దారిలో ఫోన్ చేశాడు. షెడ్డులో నాలుగు సాంచాలూ ఆడుతున్నాయి.

"'అన్నా, పిడుగులు. ఆగాల్నా, రావాల్నా?' అన్నడు మీ బాపు. నాకు పడుగులు అని ఇనవడ్డది బిడ్డా. మూటలు ఇంక గట్టలేదేమో, ఆగాల్నా అని అడుగుతుండనుకున్న. 'ఆగుడేందిరా, ఉన్నకాడికి పట్టుకొని జల్ది రా' అన్న. మారుమాట అనలే. నా మాట ఎన్నడన్న కాదన్నడా వాడు? పిడుగు వడ్డంకనే నాకు వాడేమన్నడో సమజైంది."

చందుర్తి దాటాక, నడుస్తున్న బండి మీదే పిడుగు పడింది. వెనక కట్టిన నూలు మాత్రం తడవను కూడా లేదట, అంత జాగ్రత్తగా కవరు కప్పాడు నాన్న. బడిలో నేను గుణింతం నేర్పుతాను. పకు తలకట్టు ఇస్తే ప, గుడి ఇస్తే పి. ఆ ఒక్క గుడి సాంచాల చప్పుడులో కలిసిపోయింది, మా నాన్న పోయాడు.

నేను తిట్టలేదు. అంతకంటే పెద్ద పనే చేశాను, మాట్లాడటం మానేశాను. అమ్మ కూడా నా పక్షమే ఉంటుందనుకొని వెళ్లి చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"గా సప్పుట్ల ఎవలికి ఏం ఇనవడ్తదే? ఇన్నేండ్లు ఆయిన ఒక్కడే మోసిండా గా మాటను?" అని, నాన్న కోసం కాదు, పెద్దబాపు కోసం ఏడ్చింది.

నాకు సిగ్గేసింది. అయినా ఫోన్ చేయలేదు, పొగరు కదా నాకు. నెల దాటాక ఒక సాయంత్రం జగిత్యాల నుంచి వస్తుంటే దారిలో మెరుపులు మొదలయ్యాయి. ఒక కిరాణా దుకాణంలోకి దూరి, ఆలోచించకుండానే ఆయన నంబరు నొక్కాను. అవతల సాంచాల చప్పుడు లేదు.

"పెద్దబాపూ, పిడుగులు. ఆగాల్నా, రావాల్నా?"

కావాలనే అడిగానో, నోటికి అదే వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

"పిడుగులు. పిడుగులే గదా బిడ్డా?"

"పిడుగులే."

"ఆగు. నేను ఫోన్ల ఉంట."

ఆఖరి ఉరుము పోయి అరగంట దాటేదాకా లైన్లోనే ఉన్నాడు. ఏం మాట్లాడాడని అడిగితే ఏమీ లేదు, కూరగాయల ధరలు, అన్న కూతురి చదువు. మధ్యలో రెండుసార్లు ముక్కు చీదాడు, పడిశమన్నాడు. నేనూ పడిశమేనని ఊరుకున్నాను.

పిడుగు పడ్డ మనిషిని తాకితే కరెంటు కొడుతుందని మా వైపు భయం. ఆ రోజు నాన్నను చాలాసేపు ఎవరూ ముట్టలేదట. అట్లా ఏమీ ఉండదని చెప్పించడానికి, ఆగిన గుండెను ఎట్లా ఒత్తాలో చూపించడానికి పెద్దబాపు నర్సమ్మను షెడ్డుకు పిలిపించాడు. ఆ రోజు కూడా సాంచాలు బందే.

పంచాయతీ ఆఫీసులో నేను ఇందులో సగం చెప్పేసరికి అన్న నుంచి మళ్లీ ఫోన్.

"ఏడున్నవే?"

"చందుర్తి ఇవతల్నే అన్నా. పిడుగులు. ఆగిన." ఇక నా కోసం చూడకుండా ఎత్తేస్తామంటాడని గుండె గట్టి చేసుకున్నాను.

"మేం గూడ ఆగినం చెల్లె. పాడె ఎత్తేటోళ్లమే, ఉరిమింది. బాపును మల్ల షెడ్డులకు తెచ్చినం. అర్ధగంట లెక్క ఆయిన పెట్టిందే గదా, ఆయినకైనా తప్పుతదా? నువ్వు నిమ్మళంగ రా." మళ్లీ తనే అన్నాడు, "సాంచాలు బందే ఉన్నయి. మంచిగ ఇనవడ్డది."

అప్పుడు మాత్రం ఆగలేదు నా ఏడుపు. పాలతను నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఉరుములు ఆగిన అరగంటకు నేను బయల్దేరుతుంటే, మధ్యలో వచ్చి తలదాచుకున్న సైకిలాయన కూడా లేచాడు. పాలతను ఫోనులో టైము చూసి నాకు సరేనని తలూపాడు, ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, "అర్ధగంట మొత్తం అయ్యింది, ఇగ నువ్వు గూడ పోవచ్చు" అన్నాడు.

నేను వెళ్లేసరికి షెడ్డు ముందు చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. గేటు దగ్గర అన్న, భుజం మీద ఎర్ర గుడ్డ. లోపల నాలుగు సాంచాల మధ్య పెద్దబాపు పడుకొని ఉన్నాడు. చుట్టూ ఆయన ఎప్పుడో ఒకప్పుడు ఆపినవాళ్లే, పొడిబట్టల్లో. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. దూరంగా ఇంకోసారి మెరిసింది. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు ఆపారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరి పెదవులూ కదలడం మొదలైంది. నేనూ లెక్క అందుకున్నాను. ముప్పై దాటింది. నలభై దాటింది. ఉరుము రాలేదు. అయినా ఎవరూ లేవలేదు, సిరిసిల్లలో ఆఖరిసారి ఉరిమి అరగంట ఇంకా కాలేదు.