పరీక్షల సెలవుల్లో పట్టిన దయ్యం

ఇంటర్ పరీక్షల ముందు మదురై కాలేజీ నుంచి కోవిల్‌పట్టి దగ్గరి మా ఊరికి చదువుకోవడానికి వచ్చాను. త్రికోణమితి ఎంతకీ తలకెక్కక, పత్తిచేల గట్లమీద తిరుగుతూ ఇంగ్లీషులో గట్టిగా వల్లె వేసేవాణ్ణి. అది విని నాకు దయ్యం పట్టిందని అవ్వ మంత్రగాణ్ణి పిలిపించింది. కాదని అరిచేకొద్దీ ఆమెకు నమ్మకం పెరిగింది.

అతను వేపమండతో కొట్టి, "ఎవురు నువ్వు? ఏమి కావాల?" అని గద్దించాడు.

అన్నాళ్ళ విసుగంతా ఒక్కసారి పొంగింది. "నాకీ లెక్కలొద్దు! దొరల ఆపీసులో గుమాస్తా పనీ వద్దు! ఒక దినమన్నా నన్ను ఊరికే ఉండనీండి!" అన్నాను.

అది దయ్యం మాటే అనుకుని అవ్వ నా పుస్తకం మూసేసింది. "సామీ, ఇంక సదవమని ఎవురూ అడగరు. బిడ్డను ఇడిసిపెట్టు," అని ఏడ్చింది.

ఆ రోజు హాయిగా నిద్రపోయాను. మర్నాడు పుస్తకం తెరవగానే అవ్వ విభూతితో పరిగెత్తుకొచ్చింది. ఎంత చెప్పినా వినలేదు. సెలవులు మిగిలుండగానే పళ్ళు కొరుక్కుంటూ, చదువుకోవడానికి తిరిగి మదురై రైలెక్కాను.