లెస్ అంటే లేనిది

నా చిన్నప్పుడు, తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉండగా, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది పక్కింటి అక్క. డిగ్రీ చదువుతుండేది. ఒకే తోక ఉన్న మాటలను గుంపు చేసి నేర్పేది. ఆ వారం తోక 'లెస్'. లెస్ అంటే లేనిది. హోమ్‌లెస్ అంటే ఇల్లు లేనివాడు, ఫియర్‌లెస్ అంటే భయం లేనివాడు, కేర్‌లెస్ అంటే జాగ్రత్త లేనివాడు.

ఆ వారమే గనిలో పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల విరిగి మా బాపు కాలు మీద పడింది. కప్పు కింద నిలపడానికి ఆసరా కర్రలు రావడం లేదని బాపు అంతకు ముందు నుంచే చెబుతున్నాడు. అడిగినప్పుడల్లా పైవాళ్లు పంపుతామన్నారట.

మరునాడు దవాఖానకు గని అధికారి ఒకాయన వచ్చాడు. బాపు మొహం వైపైనా చూడకుండా, వెంట ఉన్న గుమాస్తాతో "కేర్‌లెస్ వర్కర్ అని రాయి" అన్నాడు. మా అమ్మకు ఆ మాట తెలియదు, ఆయనకు దండం పెట్టింది. నాకు తెలిసింది. నేర్చుకున్న మాట అర్థమైనందుకు ఏడుపు రావడం నాకు అదే మొదలు.

మాకు తోడుగా వచ్చిన అక్క చెయ్యి పట్టుకుని, "మా బాపు జాగ్రత్త లేనోడా అక్కా?" అని అడిగాను.

అక్క వెళ్లి అధికారికి అడ్డంగా నిలబడింది.

"జర ఆగుండ్రి సార్. కర్రలు పంపుండ్రని ఈ కాక ఎన్నిసార్లు మొత్తుకున్నడో అడుగుండ్రి. జాగ్రత్త లేనిది ఎవరికి?"

"నువ్వెవరమ్మా?"

"పక్కింటిదాన్ని."

బాపును చూడటానికి వచ్చిన తోటి కార్మికులు అప్పటిదాకా గోడకానుకుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన ముందుకొచ్చి, "మేము గూడ అడిగినం సార్" అన్నాడు. ఇంకొకాయన కూడా అదే అన్నాడు. గుమాస్తా రాయడం ఆపేశాడు. అధికారి వెళ్లిపోయాడు.

ఆ మాట బాపు మీద పడలేదు. గనిలోకి కర్రలు కూడా వచ్చాయి, బాపు కాలు విరిగాక. ఆ కాలు మళ్లీ తిన్నగా కాలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు.

ఆ రోజు సాయంత్రం దవాఖాన నుంచి ఇంటికి నడుస్తూ అక్క అంది: "ఎవలన్న ఎవలినన్న లెస్ అంటే ఊకె తలూపకు. ఏది లేదు, అది ఇయ్యాల్సినోళ్లు ఎవలు, అడుగు."

ఇప్పుడు నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఏ పిల్లనైనా యూజ్‌లెస్ అన్న మాట వినిపిస్తే, ఎంత పెద్దవారి నోట వచ్చినా, లేచి అడుగుతాను. అంత కోపం మంచిది కాదని కొందరంటారు. దాన్ని తగ్గించుకోవాలని నాకు ఇప్పటికీ అనిపించలేదు.