పిన్ని తోమిన నీలం పెట్టెలు

మా పిన్ని కంట పడిందంటే మురికికి నూకలు చెల్లినట్టే. బాబాయి కొత్త చెప్పుల మీదున్న కంపెనీ గుర్తును కూడా మరకనుకుని తోమి పారేసిన మనిషి. ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగే గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. ఆ గది తన రాజ్యమంటుంది. కడిగినవి తుడిచి మూటకట్టే నేను ఆ రాజ్యానికి మంత్రిని, బంటునూ.

ఆవిడా, సరుకులు కొనిచ్చే స్టోరు ఆయనా ఉప్పూ నిప్పూ. ఆయనిచ్చే ఘాటు లేని సబ్బునీళ్లకు నురగ రాదు. నురగ రానిది సబ్బేమిటని ఆవిడ వాదన. కంటి ఆపరేషన్ పనిముట్ల కోసం నీలం అల్యూమినియం పెట్టెలు కొత్తగా వచ్చినప్పుడు, వాటిని ఆ సబ్బుతోనే కడగమని ఆయన పనిగట్టుకుని వచ్చి చెప్పాడు. ఆయన చెబితే ఈవిడ వింటుందా? మర్నాడే కాలవలు శుభ్రం చేసే సోడా కలిపి తోమింది. నీళ్లు నీలంగా మారితే, ఎంత మురికి దాక్కుందో చూడమని నన్ను పిలిచింది. నేనూ నోరు తెరుచుకుని చూశాను. మహా తెలివైనదాన్ని కదా.

రోజూ అలాగే తోమగా, నెల తిరిగేసరికి పెట్టెలు బూడిదరంగుకు దిగాయి. వేలితో రాస్తే తెల్లటి పొడి. అది రోగి కంట్లో పడితే ఇంకేమైనా ఉందా! మేట్రన్ గారు పెట్టెలన్నీ పక్కన పెట్టించి, నాసిరకం సరుకు కొన్నందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో రాసిమ్మని స్టోరు ఆయన్ని అడిగారు.

పెట్టెలతో వచ్చిన కాగితం నేను అప్పుడు చదివాను. ఆ నీలం పైపూత కాదట. కరెంటుతో లోహం మీదే గట్టి పొర పెంచి, దానికి రంగు పట్టిస్తారట. సోడా తగిలితే ఆ పొరే కరిగిపోతుందట. పిన్నికి చదివి వినిపించాను. రెండు రోజులు ఆవిడ కడిగిన తొట్టినే మళ్లీ మళ్లీ కడిగింది.

మూడో రోజు పొద్దున, జవాబు కాగితం పట్టుకుని మేట్రన్ గది ముందు నిలబడ్డ స్టోరు ఆయన్ని చూసింది. నా చెయ్యి పట్టుకుని ఆయనకంటే ముందే లోపలికి నడిచింది.

"పెట్టెలు మంచివేనమ్మా. నేనే సోడాతో తోమాను. ఈయన సబ్బుతోనే కడగమన్నాడు."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మేట్రన్ గారు అడిగారు.

"చెబితే ఆ గదిలోంచి పంపేస్తారని భయమేసింది. ఇప్పుడూ భయమేస్తోంది."

పంపేశారు. సోమవారం నుంచి దుప్పట్లు మడతపెట్టే గదికి. నేనూ పక్కనుండి చూశానని చెప్పబోయాను. పిన్ని బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కింది.