పెద్ద ఫట్‌ఫటీ మీద కాశీరాం నమ్మకం

బాన్సువాడలో కాశీరాం ఎవరో తెలియని వాళ్లు ఉంటే ఉండవచ్చు గానీ, కాశీరాం ఫట్‌ఫటీ తెలియని వాళ్లు లేరు. చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆకూ పొగాకూ చేరవేసి, చుట్టిన కట్టలు తెచ్చుకోవడం అతని బతుకుదెరువు. తక్కిన వాళ్లంతా ఎడ్లబండ్ల మీద తిరిగే రోజుల్లో, నిజాంసాగర్ కాలువల మీద కొలువు చేసి వెళ్లిపోతున్న ఓవర్సీరు ఒకాయన దగ్గర చిన్న మోటారు సైకిలు కొన్నాడు. దాని గుణం బంగారం. ఒక్క కిక్కుకు లేచేది. పొద్దున్నే కాశీరాం దాన్ని లేపితే కోటగిరి దారిలో ఆడవాళ్లు కత్తెరలు వెతుక్కునేవాళ్లు. లోపం ఒక్కటే. ముందు కాశీరాం, వెనక ఆకు మోపు, అంతే. మూడో ప్రాణికి చోటు లేదు.

ఆ మూడో ప్రాణి అతని భార్య ప్రేమల. ఆమెది డోంగ్లి, ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబం. అక్కడ పసిబిడ్డకు పేరు పెట్టే రోజున, బిడ్డ చెవిలో మొదట ఆ పేరు చెప్పే హక్కు మేనత్తది. తమ్ముడికి మొదటి కొడుకు పుట్టినప్పుడు ప్రేమల ఎడ్లబండిలో బయలుదేరింది. ఇసుకలో చక్రం దిగబడింది. చేరేసరికి పక్కింటి ఆవిడ పేరు చెప్పేసి, భోజనం కూడా చేసి, తాంబూలం నములుతూ కూర్చుంది. ఫట్‌ఫటీ మీద ఎప్పుడో చేరుకున్న కాశీరాంను అతని అత్త జమునాబాయి, అల్లుణ్ని పిలిచే మరాఠీ మాటతో, అందరి ముందూ పలకరించింది.

"జావయిబాపూ, మీ ఆకు మోటరెక్కి తిరుగుతది. నా బిడ్డ ఎడ్ల ఎనుక వస్తది."

అందరూ నవ్వారు. ప్రేమల మాత్రం ఇంటికి చేరాక కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే కాశీరాం ప్రాణం కుదుటపడేది. అందుకే రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, పటాలం వాళ్లు వదిలేసిన పెద్ద మోటారు సైకిళ్లు సికింద్రాబాదులో దొరుకుతున్నాయని తెలియగానే, కోటగిరిలో ఒక కిరాణా కొట్టు అతనికి చిన్నబండి అమ్మేసి పెద్దదాన్ని తెచ్చుకున్నాడు. అడవిపచ్చ రంగు, గుమ్మడికాయంత టాంకీ, వెనకాల దిట్టమైన సీటు. ఇంటి ముందు నిలబెడితే సందు సగం నిండిపోయింది. చూడడానికి వచ్చిన బట్టల కొట్టు ఆదిశేషయ్య చుట్టూ రెండుసార్లు తిరిగి పెదవి విరిచాడు. చిన్నబండికి నాలుగు సామాన్లుంటే దీనికి నలభై ఉన్నాయి, చెడిపోవడానికి అన్ని దారులున్నాయన్నమాట అని తేల్చాడు. కాశీరాంకు ఒళ్లు మండింది.

మర్నాడు తెల్లవారి బండి లేవలేదు.

కాశీరాం కిక్కు కొట్టాడు, బతిమాలాడు, కొబ్బరికాయ కొట్టాడు, మళ్లీ కిక్కు కొట్టాడు. చెప్పు తెగింది గానీ బండి దగ్గనైనా దగ్గలేదు. ఎండ బాగా ఎక్కాక, ఇక విసుగొచ్చి ఉత్తుత్తినే ఒక తన్ను తన్నితే సందంతా దద్దరిల్లేలా లేచింది. ఆ పైన పొద్దుగూకేదాకా ఏ వంకా పెట్టలేదు. మరునాడూ అదే వరస, ఆ మరునాడూ అదే వరస. పటాలంలో పనిచేసిన బండి కదా, దొరల్లాగే ఆలస్యంగా నిద్ర లేస్తుందని సందులో వాళ్లు సరసాలాడారు. బోధన్ నుంచి మెకానిక్ మోతీలాల్‌ను పిలిపిస్తే, అతను బస్సు దిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అతను కాలు పెట్టడమే ఆలస్యం, బండి లేచి కూర్చుంది. బండికి ఏ జబ్బూ లేదు, ఉంటే తొక్కేవాడికే ఉండాలని నవ్వి, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఇంకోసారి పిలిపించినా అదే కథ. వైద్యుడి ముందు నవ్వుతూ కూర్చునే రోగిని ఏం చేయగలం?

కాశీరాంకు దిగులు పట్టుకుంది. కోటగిరిలో కిరాణా అతను చిన్నబండిని ఫట్‌ఫట్‌మనిపిస్తూ ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. ఇంతలో డోంగ్లి నుంచి కబురు వచ్చింది. ప్రేమల తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది, పేరు పెట్టేది బేస్తవారం పొద్దున. ఎడ్లబండి అయితే ముందురోజే బయలుదేరాలని ప్రేమల మూట కట్టడం మొదలుపెట్టింది. కాశీరాం అడ్డం పడ్డాడు. తనే పెద్దబండి మీద తీసుకెళ్తానన్నాడు.

ప్రేమల చేతిలో చీర పట్టుకుని అతని వైపు చూసింది. "మీరు తీస్కపోతె నాకు సంబురమే. గాని అది నడిమిట్ల ఆగితె, మా ఊళ్లె అందరు జూస్తుంటె నేను బండి నూకుకుంట పోవాల్నా? గీసారి గూడ పేరు ఇంకొకలు చెప్తె, ఇగ నేను అమ్మగారింటికి పోను."

ఆ మాట కాశీరాం గుండెలో దిగింది. ఆగదని చెప్పాడు గానీ, చెబుతున్న గొంతు అతనికే నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడ మన కాశీరాం భక్తి గురించి ఒక మాట చెప్పాలి. బీడీ ఆకు ఎండితే పెళుసెక్కి కత్తెర కింద ముక్కలవుతుంది. అందుకని దాన్ని నీళ్లతో తడిపి, తడి గోనెపట్టా కప్పి రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి మెత్తబడి, చెప్పినట్టు వింటుంది. పుట్టినప్పటి నుంచి అతనికి తెలిసిన శుశ్రూష అదొక్కటే. చిన్నబండి ఎప్పుడూ అంత కాగేది కాదు గనుక దానికి ఆ భాగ్యం దక్కలేదు. పెద్దబండి సాయంత్రానికి పొయ్యిలా కాలిపోతుంటే చూడలేక, రోజూ చీకటి పడగానే ఒక గోనెపట్టా నీళ్లలో ముంచి దాని ఇంజను మీద కప్పేవాడు. పొద్దున తీసి మళ్లీ ఆకు మీదే పరిచేవాడు. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. ఆ ఇంట్లో దేన్నైనా ప్రేమగా చూసుకోవడమంటే తడి గోనె కప్పడమే.

బుధవారం సాయంత్రం అడవి నుంచి ఎండబెట్టిన కొత్త ఆకు దిగింది. ఎండాకాలపు తొలి ఆకు, మోపుల మీద మోపులు. ఇంట్లో ఉన్న గోనెలన్నీ ఆకుకే చాలలేదు. బండి ఆ రాత్రి వాకిట్లో దిగంబరంగా పడుకుంది. కాశీరాంకు మనసు ఒప్పలేదు, కానీ గత్యంతరం లేదు. బేస్తవారం కోడికూతకు లేచి, దేవుడికి దండం పెట్టి, పళ్లు బిగించి కిక్కు కొట్టాడు. బండి ఒక్క తన్నుకు లేచింది.

అతను మొక్కులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే, ప్రేమల ఆకు మీది గోనెనూ బండినీ మార్చి మార్చి చూసింది. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యో నా మొగడ, ఆకు నానితె మెత్తగైతది. ఇనుము నానితె మెత్తగైతదా? రోజు రాత్రి తానం జేపిచ్చి, పొద్దుగాల నిప్పు రా అంటె యాడికెళ్లి వస్తది?"

కాశీరాం తల గోక్కున్నాడు. రాత్రి తడి ఎండకు ఆరాకే ఇంజను నిప్పందుకునేదని ఇప్పుడు అర్థమైంది, సిగ్గూ వేసింది. అయినా అన్నాళ్ల అవమానం ఒక్క తన్నుతో పోతుందా? దారి పొడవునా ఇంజను ఎప్పుడు నోరు మూస్తుందోనని అతని చెవులు అక్కడే ఉన్నాయి. మంజీర నది దాటే చోట నీళ్లు పాయలా సన్నబడి ఉన్నాయి గానీ ఇసుక లోతుగా ఉంది. అతను ఇంజను ఆపకుండానే దిగి నడిపిస్తుంటే, ప్రేమల చెప్పకుండానే చీర దోపుకుని వెనక నుంచి తోసింది. నెట్టడమంటే అంత భయపడ్డ మనిషి అవతలి గట్టున ఆయాసపడుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి కాశీరాంకు కడుపు నిండింది.

డోంగ్లిలో ఉయ్యాల కట్టి, పేరంటాళ్లు చేరి, మేనత్త కోసమే చూస్తున్నారు. బండి గుమ్మం ముందు ఆగింది, ఇంజను మాత్రం ఆగలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో, అత్తగారి ముందు పరువేం కావాలో అని కాశీరాం దాని మీదే కూర్చుని ఉండిపోయాడు. జమునాబాయి ఏదో అంటోంది, ఎవరికీ వినిపించడం లేదు. గోడల మట్టి రాలుతోంది. ఉయ్యాలలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. లోపలికి వెళ్లిన ప్రేమల తిరిగి గుమ్మంలోకి వచ్చి అతని చెవి దగ్గరగా వంగింది.

"గింత సప్పుడుల పిల్ల చెవిల పేరెట్ల జెప్పాలె? బంజెయ్యుండ్రి."

"మల్ల లెవ్వకుంటె?"

"లెవ్వకుంటె మా అమ్మ ఇంట్ల ఉంటం. నాకైతె గదే మంచిగ."

కాశీరాం బండి టాంకీని ఒకసారి నిమిరాడు. తర్వాత ఇంజను ఆపి, దిగాడు. సందంతా సద్దుమణిగింది, పిల్ల ఏడుపు మానింది. ప్రేమల వంగి మేనకోడలి చెవిలో పేరు చెప్పింది, ఆ పేరు గుమ్మం బయట ఉన్న కాశీరాంకు కూడా వినిపించింది.