ఇద్దరి కాళ్లూ ఆనిన బండి

పోయిన వారం మా కాలనీ సెక్రటరీగారు మెట్లెక్కి వచ్చి, మొహమాటపడుతూనే ఓ మాట చెప్పారు. కింద పార్కింగులో గుడ్డ కప్పి ఉన్న మా మోటారు సైకిలుకి పదిహేనేళ్లు దాటిపోయాయట. ఢిల్లీలో పెట్రోలు బండి అంతకంటే ఎక్కువ కాలం బతకడానికి వీల్లేదు కదా, ఎప్పుడో ఒకరోజు గవర్నమెంటు వాళ్లే వచ్చి ఎత్తుకుపోతారు, అంతకు ముందే మనం తుక్కు వాళ్లకి ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుంది అన్నారు. పంజాబీ పెద్దాయన, మంచి మనిషి. ఎవరో పోయారన్న కబురు చెప్పడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. టీ ఇచ్చి పంపించాను. ఘాజియాబాద్‌లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "మమ్మీ, రఖ్‌కే క్యా కరోగీ? చలానేవాలా తో కోయీ హై నహీ," అంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం దానికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అయినా నడిపేవాళ్లెవరూ లేరని అది అన్నది నిజమే. ఆ బండిని నడిపింది ఇద్దరం. ఒకరు లేరు. రెండో మనిషిని నేను, నా మోకాళ్లు ఒప్పుకోవు.

మాది గుంటూరు వైపు. నేను నర్సింగ్ చదివాను, పెళ్లయిన కొత్తలోనే ఇద్దరం ఢిల్లీ వచ్చేశాం. నాకు ఆసుపత్రిలో ఎముకల వార్డు, ఆయనకి ఒక స్కూల్లో గుమస్తా పని, ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో హార్మోనియం. జనక్‌పురిలో రెండు గదుల ఇల్లు. ఆయన నలభై దాటేదాకా సైకిలు తప్ప ఏ బండీ ముట్టుకోలేదు. ముట్టుకోవాలన్న కోరికా లేదు. రోడ్డు దాటడానికే నా చెయ్యి పట్టుకునే మనిషి. అలాంటి మనిషి బండి కొనడానికి కారణం ఒక సాయంత్రం. నాకు మధ్యాహ్నం డ్యూటీ పడినప్పుడు, దిగేసరికి చీకటి పడిపోయేది. ఆ రోజు బస్సులో వెనక నిలబడ్డవాడెవడో వెకిలి వేషాలు మొదలుపెట్టాడు. అరిచాను. ఎవరూ తల తిప్పలేదు. మధ్యలోనే దిగిపోయి, మిగిలిన దూరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. జరిగింది ఆయనకి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే కంచంలో ఉండిపోయింది. చెయ్యి కడుక్కొచ్చి, "బండి కొంటాను. ఇంక నేనే తీసుకొస్తా నిన్ను," అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బండి కొంటున్నామని తెలియగానే మా సంఘంలో ఆరాధన తర్వాత రెండో ఆరాధన మొదలైంది. కోయిర్‌లో పాడే కుర్రాళ్లు నూటయాభై సీసీ తీసుకోమన్నారు, పికప్ అదిరిపోతుందట. ఒక అంకుల్ సెకండ్ హ్యాండ్ స్కూటరే మేలన్నారు. ఒక ఆంటీ, అసలు బండే వద్దు, దేవుడు కాళ్లిచ్చాడు కదా అన్నారు, ఆవిడ మాత్రం కారులో వచ్చేవారు. ఇక నా సంగతి చెప్పాలంటే, ఎముకల వార్డులో అన్నేళ్లు పనిచేసిన మనిషికి మోటారు సైకిళ్లు అందంగా కనిపించవు. ఫలానా పెద్ద బండి అనగానే నాకు తొడ ఎముక గుర్తొచ్చేది, ఇంకో బండి అంటే మోకాటి చిప్ప. షోరూములో సేల్స్ అబ్బాయి ఎర్రగా నిగనిగలాడే బండి చూపించి "సార్, ఇదే ఇప్పుడు అందరూ తీసుకుంటున్నారు," అని హిందీలో అంటే, "అందరూ నా దగ్గరికే వస్తున్నారు నాయనా," అని నేనూ హిందీలోనే చెప్పాను. పాపం, అతనికి అర్థం కాలేదు.

ఆయన మాత్రం రంగూ చూడలేదు, మైలేజీ అడగలేదు. ప్రతి బండీ ఎక్కి కూర్చుని, కిందికి వంగి తన పాదాలు చూసుకునేవారు. మడమలు నేలకి తగలకపోతే దిగిపోయేవారు. కొత్తగా నేర్చుకునేవాడు పడిపోయేది స్పీడులో కాదు, ఆపినప్పుడే అని ఎవరో చెప్పారట. ఆ మాట ఆయన మనసులో అలా పాతుకుపోయింది. చివరికి ఓ మూల నిలబెట్టిన వంద సీసీ బండి, నల్లది, ఎవరూ చూడనిది, దాని మీద కూర్చుంటే ఆయన పాదాలు రెండూ నిండుగా ఆనాయి. ఆ మొహంలో సంతోషం నేను ఇప్పటికీ చెప్పలేను. దిగి, "నువ్వు కూడా కూర్చో," అన్నారు. నేను వెనక సీటు వైపు వెళ్లబోతే, "అక్కడ కాదు, ముందు," అన్నారు. షోరూములో జనం చూస్తున్నారు. నేనేందండీ, నాకెందుకండీ అని గొణిగాను. "ఇంట్లో బండి అన్నాక ఇద్దరి కాళ్లూ ఆనాలి గదా," అన్నారు. నా డ్రెస్సు సర్దుకుని కూర్చున్నాను. ఆయన ముందుకు వంగి చూసి అడిగారు, "కాళ్లు ఆనాయా?" ఆనాయండీ, అన్నాను. సేల్స్ అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు.

బండి తెచ్చుకునే రోజు ఇంకో తమాషా. మావాళ్లలో కొత్త బండికి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసేదాకా ప్రయాణం కట్టరు. మామూలుగా అందరూ షోరూము నుంచి నడుపుకుంటూ వచ్చి, చర్చి ముందు ఆపి, ప్రార్థన చేయించుకుంటారు. ఈయన దాన్ని అక్షరాలా పట్టుకున్నారు. ప్రార్థనకి ముందు ఇంజను తిరగకూడదన్నారు. షోరూము వాళ్ల మనిషి నడిపి తెచ్చిస్తానన్నా ఒప్పుకోలేదు. అటు పక్క ఆయన, ఇటు పక్క నేను హ్యాండిలు పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, కొత్త బండిని అయ్యగారి ఇంటిదాకా తోసుకుంటూ వెళ్లాం. దారి పొడవునా "భాయ్‌సాబ్, పెట్రోల్ ఖతమ్?" అని అడగనివాడు పాపాత్ముడు. అయ్యగారు తలుపు తీసి, చెమటలు కక్కుతున్న మా ఇద్దరినీ చూసి, "నడుపుకుంటా వస్తే ప్రార్థన చెయ్యనన్నానా ఏందయ్యా?" అని పడిపడి నవ్వారు. తర్వాత మా ఇద్దరి తలల మీదా చేతులుంచి, చాలాసేపు ప్రార్థన చేశారు. కళ్లు తెరిచి చూస్తే ఆయన బండి హ్యాండిలు వదల్లేదు.

నేర్చుకోవడం పొద్దున్నే మా ఇంటి దగ్గరి రామ్‌లీలా మైదానంలో. క్లచ్చి వదిలితే బండి ఓసారి ఎగిరి ఆగిపోయేది, ఆయన కాళ్లు రెండూ కిందపెట్టి, గెలిచినట్టు నా వైపు చూసేవారు. రోడ్డు మీదికి వచ్చాక కూడా ఎంత నెమ్మదిగా నడిపేవారంటే సైకిల్ రిక్షావాళ్లు గంట కొట్టి దాటుకుపోయేవాళ్లు. వెనక కూర్చున్న నేను బజారులో కూరగాయల ధరలు కూడా విచారించుకుంటూ రావచ్చు. కానీ డ్యూటీ దిగి బయటికొచ్చేసరికి ఆసుపత్రి గేటు దగ్గర ఉండేవారు. చలికాలమైనా, వానైనా, హెల్మెట్ తియ్యకుండా, బండి దిగకుండా, పాదాలు రెండూ నేలకి ఆనించి. గేటు దగ్గర గార్డు ఆయనకి హెల్మెట్‌వాలే భాయ్‌సాబ్ అని పేరు పెట్టాడు. మలయాళీ సిస్టర్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. నాకు సిగ్గుగా ఉన్నట్టు నటించేదాన్ని. నిజానికి నా జీవితంలో అంత గర్వంగా నేను ఏ గేటూ దాటలేదు.

కొన్నేళ్లు అలా గడిచాయి. ఒక సాయంత్రం ఇంటికి వస్తూ పంఖా రోడ్డు దగ్గర సిగ్నల్లో ఆగాం. బండి ఆగింది, ఆయన ఎడమ కాలు దించారు, అయినా బండి ఎడమకి ఒరుగుతూ వెళ్లి, మెల్లగా, మమ్మల్ని ఇద్దరినీ రోడ్డు మీద పడుకోబెట్టింది. దెబ్బలేమీ తగల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు లేపారు. ఆయన తన పాదం వంక అయోమయంగా చూస్తూ, "కాలు పెట్టాననే అనుకున్నానే," అన్నారు. పెట్టలేదు. బండి ఒరిగేటప్పటికి కాలు ఇంకా గాల్లోనే ఉంది. నేల తగిలిందో లేదో ఆ పాదానికి తెలియడం మానేసింది. ఆయన షుగరు మనిషి, తీపి మానరు, నా మాట వినరు. నర్సుని కదా, నాకు ఆ రోడ్డు మీదే అంతా అర్థమైపోయింది. పొద్దున చెప్పులు బిగుతుగా ఉన్నాయని ఆయన అన్నదీ, మొహం ఉబ్బినట్టు ఉన్నదీ, అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఇంటికి వచ్చి ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని వేలితో నొక్కాను. నీరు పట్టేసింది, నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన చూడకుండా దుప్పటి కప్పేశాను.

మూత్రపిండాలు పోయాయని తేలాక డయాలిసిస్ మొదలైంది. ఆటోలో తీసుకెళితే కుదుపులకి ఆయనకి వాంతులు. ఒకరోజు తాళం నా చేతిలో పెట్టి, "నువ్వు ముందు కూర్చో," అన్నారు. నాకు నలభై అయిదు. సంఘంలో ఆంటీ అని పిలిపించుకునే వయసు. భయపడుతూనే ఎక్కాను, కాళ్లు ఆనాయి. ఆయన మైదానంలో ఒక రాయి మీద కూర్చుని నేర్పించారు. "తొందరపడబాక. క్లచ్చి మెల్లంగా వదులు. బండి నీ మాట వింటది, నేనే వినను గానీ," అనేవారు. లైసెన్సు పరీక్ష పెట్టే ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మేడమ్, స్కూటీ ఠీక్ రహేగా," అన్నాడు, నాకు స్కూటీ చాలునట. నేను ఎనిమిది అంకె మీద బండి తిప్పి చూపించి దిగాను.

ఆ తర్వాత ఆ నల్ల బండి మీద ముందు నేను, వెనక ఆయన. జనక్‌పురిలో అందరికీ మేం తెలుసు. నడి వయసు ఆడమనిషి మోటారు సైకిలు నడుపుతుంటే వెనక హెల్మెట్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, బుద్ధిగా కూర్చున్న మొగుడు. "అరే వాహ్ దీదీ," అని ఆటోవాళ్లు అరిచేవాళ్లు. ఆయనకి అది భలే సరదా. నా కోసం కొన్న బండి మీద ఇప్పుడు నేనే ఆయన్ని ఇంటికి తీసుకొస్తున్నాను. ప్రతి సిగ్నల్లోనూ బండి ఆగగానే వెనక నుంచి అడిగేవారు, కాళ్లు ఆనాయా అని. ఆనాయండీ, అనేదాన్ని. విసుగొచ్చేది ఒక్కోసారి. ఆనకపోతే పడుకునే ఉండేవాళ్లం కదండీ, అని కసిరేదాన్ని. నవ్వేవారు. మళ్లీ సిగ్నల్లో మళ్లీ అదే.

ఒక జనవరి మధ్యాహ్నం, ఎండ ఉన్నా వెచ్చదనం లేదు, డయాలిసిస్ నుంచి తిరిగి వస్తున్నాం. ఆయన చేతులు రెండూ నా స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని, తల నా వీపుకి ఆనించారు. పంఖా రోడ్డు సిగ్నల్లో ఆగాను. ఆయన అడగలేదు. నిద్రపోయారా అని వెనక్కి తిరిగాను. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నారు, అడిగే ఓపిక లేదంతే. నేనే, ఆనాయండీ, అన్నాను. తల ఊపారు. ఆ శీతాకాలం దాటలేదు ఆయన. ఆసుపత్రిలోనే, నా చేతుల్లోనే పోయారు. ఎంతమందికో అలా కళ్లు మూసిన దాన్ని, ఆయన కళ్లు మూయడం నాకు చేతకాలేదు. పక్క వార్డు సిస్టర్ వచ్చి మూసింది.

నిన్న తుక్కు వాళ్లు వచ్చారు. లోపల కార్లు అడ్డంగా పెట్టి ఉండటంతో వాళ్ల లారీ మెయిన్ గేటు బయటే ఆగింది. నేను తోసుకొస్తానని చెప్పాను. పెట్రోలు లేదు, ఇంత పాత బండికి బంకుల్లో ఇంక పోయరు. మొదటి రోజులాగే ఇంజను తిరగకుండా బయల్దేరింది బండి. ఆ రోజు అటు పక్క ఆయన ఉన్నారు. నిన్న ఇటు నేనొక్కదాన్నే పట్టుకునేసరికి హ్యాండిలు మాటిమాటికీ అటు తిరిగిపోయింది. గేటు దగ్గర కాస్త ఊపిరి తీసుకుని, తుక్కు మనిషి తాడు సర్దుకునేలోపు, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా ఎక్కి కూర్చున్నాను. "ఆంటీజీ, చలాయేంగీ క్యా?" అని, నడుపుతానేమో అనుకుని నవ్వాడతను. నేను కిందికి వంగి చూసుకున్నాను. పాదాలు రెండూ నిండుగా నేల మీదే ఉన్నాయి. ఆనాయండీ, అన్నాను పైకే. అతనికి తెలుగు రాదు, జీ? అన్నాడు. దిగి బండి ఇచ్చేశాను. బండి వయసు పదిహేనేళ్లని ఎవరో కూర్చుని తేల్చారు. అడిగే మనిషి పోయాక కూడా ఆ మాటకి జవాబు చెప్పుకుంటూ ఎన్నేళ్లు ఉండాలో మాత్రం నాకెవరూ తేల్చి చెప్పలేదు.