ఉతకని అద్దకం

ఉతకని అద్దకాన్ని అద్దకమని ఎవరు ఒప్పుకుంటారు? ఆ వాదన మొదలుపెట్టింది నేనే. గెలిచింది కూడా నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

బందరులో పుట్టి, మద్రాసులో కాలేజీ చదువు చదివి, భర్త పోయాక ఫిజీలో లోవు అనే ఊరి దగ్గరి మిషన్ బడికి పంతులమ్మగా వచ్చినదాన్ని. బడి వెనక చెరుకు కూలీల లైను. ఒకే రేకు కప్పు కింద పన్నెండు గదులు. మధ్య గోడలు కప్పుదాకా రావు. ఒక గదిలో పిల్ల దగ్గితే పన్నెండు గదులకూ వినబడుతుంది.

ఏడో గది మనిషిది మా బందరే. అద్దకం వాళ్ళ పిల్ల. గిర్మిట్ అనే కూలి ఒప్పందం అయిదేళ్ళలో మూడు గడిచాయి. వారమంతా చెరుకులో కలుపు తీసి, ఆదివారం జామచెక్క మీద మేకుతో అచ్చులు చెక్కుకునేది. రంగులంటే ఇక్కడి మన్నే. వాగు ఒడ్డున ఎర్రమన్ను, కొండ కింద పసుపుమన్ను తెచ్చి, నూరి, వడగట్టి, చెట్టు బంక కలిపేది. పక్క ఊళ్ళో ఈ దీవి ఆడవాళ్ళు చెట్టు బెరడును కొట్టి కొట్టి బట్టలా పరుస్తారు. వాళ్ళనడిగి అది తెచ్చుకునేది.

ఆ బెరడు బట్టతో ఒక పుస్తకం చేసింది.

“చదువు రానిదానివి, నీకు పుస్తకమెందుకే?” అన్నాను.

“ఇది చదివేది కాదండీ, నిలబెట్టేది” అంటూ చాప మీద పెట్టి విప్పింది.

మడతలు మడతలుగా లైనంతా లేచి నిలబడింది. మడతకో గది, గదికో తలుపు, తలుపు పక్కన ఆ గదివాళ్ళ అరచేతి ముద్రలు. ఏడో మడతలో పెద్ద చెయ్యి కింద, జామాకులో సగమైనా లేని ఇంకో చెయ్యి. తన కూతురిది. నాలుగో నెలలో సరదాకి అద్దిన ముద్ర. అయిదో నెలలో జ్వరమొచ్చి ఆ పిల్ల పోయింది. పోయేటప్పుడు తల్లి చెరుకు తోటలో ఉంది. తెల్ల పెత్తందారు సెలవివ్వలేదు. ఆ పిల్ల పుట్టిందనడానికి ఈ ముద్ర తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అంతా తెలిసీ నోరు మూసుకోలేదు నేను. అంచు మీద వేలితో రుద్దాను. ఎరుపంటింది.

“ఇదేం అద్దకమే? మీ నాన్న చూస్తే అచ్చు విసిరికొడతాడు. ఉతక్కుండా ఏ బట్టయినా గడప దాటించారా మీవాళ్ళు?”

“రంగు పట్టి నిలవడానికి కరక్కాయ లేదు, పాలు లేవు, ఏం చెయ్యనండీ పంతులమ్మగారూ?”

ఆరో గది ముసలమ్మ అందుకుంది: “దాని మానాన దాన్ని వదిలెయ్ తల్లీ. చెరుకు బండయినా ఎక్కడో ఆగుద్ది, నీ నోరు ఆగదు.”

“మీరుండండి అవ్వా. ముట్టుకున్నప్పుడల్లా ఇంత రాలిపోతుంటే ఆ పిల్ల చెయ్యి ఎన్నాళ్ళుంటుంది?”

ఆ మాటకు ముసలమ్మ కూడా నావైపే తలూపింది.

ఆ తర్వాతి ఆదివారం ముగ్గురం వాగుకి వెళ్ళాం. బందరులో చేసినట్టే ఆ తల్లి మోకాలి లోతులో దిగి, పుస్తకం విప్పి, పారే నీళ్ళలో పరిచి పట్టుకుంది. నూలు బట్టయితే కడిగేకొద్దీ రంగు తేటపడేది. ఇది బెరడు. నానగానే అతుకులూడి, పీచుపీచుగా విడిపోయింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. గట్టిగా పట్టుకునేకొద్దీ గుప్పిట్లోనే తెగిపోతోంది. ఒడ్డున నిలబడి నేను “మెల్లగా, మెల్లగా” అంటున్నాను. అప్పుడు కూడా చెప్పేది నేనే.

దీన్ని నీళ్ళలో ముంచకూడదని బెరడిచ్చిన ఆ ఆడవాళ్ళు ఎప్పుడూ అనలేదు. ముంచేవాళ్ళుంటారని వాళ్ళకు తోచి ఉండదు.

“తిట్టవే నన్ను” అన్నాను.

“ఎందుకండీ? మీరన్నారని కాదు. ఉతికితే ఇంకా ఎర్రగా వస్తుందని నేనే ఆశపడ్డాను.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు బదులు చెప్పడం నాకు వచ్చు.

వానలు తగ్గాక మళ్ళీ బెరడు తెచ్చి మళ్ళీ పుస్తకం చేసింది. లైనంతా మళ్ళీ చేతులిచ్చారు. ముసలమ్మ అందరికన్నా ముందు ఇచ్చింది. విప్పి చూశాను. ఏడో మడతలో పెద్ద చెయ్యి మునుపటిలాగే పైకి ఉంది. కింద చోటు అలాగే వదిలేసింది.

అక్కడ చిన్న పువ్వయినా అద్దవే అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కొంగుతో చేతులు తుడుచుకుని, తడి లేదని రెండుసార్లు చూసుకుని, పుస్తకం మడిచి ఆమెకిచ్చాను.