తాళం వేయమన్న మా వియ్యంకుడు

పోయిన నెల ఒకరోజు పొద్దున పేపరు ముందేసుకుని సంపాదకీయంలో తప్పులు దిద్దుతుండగా కాజీపేట నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "బాపూ, మామయ్య పోయిండు" అంది. చాయ్ తాగి కప్పు కింద పెట్టి, కుర్చీలోనే వెనక్కి వాలాడట. బతికినన్నాళ్లూ ఆయన ఏ పనీ ఇంత చప్పుడు లేకుండా చేయలేదు.

ఆయన మా వియ్యంకుడు. రైల్వే కాలనీ పిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. మా అమ్మాయి పెళ్లిలో సన్నాయివాళ్లను పక్కకు పిలిచి శ్రుతి సరిచేయిస్తూ ముహూర్తం దాటించబోయాడు. వియ్యంకుల మధ్య ఉండాల్సిన మర్యాదలు మాకు ఆ పెళ్లి భోజనాలతోనే అయిపోయాయి. చదివిన పుస్తకాలన్నీ నాకు కోపమే నేర్పాయని ఆయన ఫిర్యాదు. "జర నవ్వించే పుస్తకం ఒక్కటన్నా సదువు బావా" అనేవాడు.

రిటైరయ్యాక ఆయన వాద్యాల మీద పడ్డాడు. డోలక్‌కు, హార్మోనియానికి, వీణకు గుండీలంత సెన్సర్లు అంటించి లాప్‌టాప్‌కు కలిపాడు. కచేరీకి వచ్చినవాళ్లు గోడ మీది కోడ్‌ను స్కాన్ చేస్తే వాళ్ల ఫోన్లూ వాద్యాలయ్యేవి. తెర మీద వేలితో కొట్టిన ప్రతి దెబ్బా స్పీకర్లలో మోగేది. హాలంతా కొట్టే ఆ దెబ్బలను లాప్‌టాప్ విని, వేదిక మీదివాళ్లకు ఇయర్‌ఫోన్లలో లయ చెప్పేది.

"వినేటోడు ఖాళీ చేతులతోని కూసోవద్దు బావా" అన్నది ఆయన మాట. అందులో నాకు పేచీ లేదు. ఒగ్గుకథలోనూ భజనలోనూ వినేవాడు ఊరికే ఉండడు. టికెట్టు కొన్నవాణ్ణి చీకట్లో కూర్చోబెట్టి నోరు మూసుకోమనడం తర్వాత వచ్చిన నాగరికత.

మొదటి కచేరీ హనుమకొండలో, ఒక సాంస్కృతిక సభ వాళ్ల హాల్లో. పాట ఎత్తుకునే ముందు అందరి ఫోన్లలోనూ ఆయన స్వయంగా రాసిన వాక్యం వచ్చింది: "ఇప్పుడు తాళం వేయండి." జనం బుద్ధిగా పక్క బటన్ నొక్కి ఫోన్లకు తాళం వేశారు. హాలంతా తెరలు ఆరిపోయాయి. లాప్‌టాప్‌కు ఏమీ వినపడలేదు. వేదిక మీదివాళ్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయారు. ఆయన కంగారుగా తాళం, తాళం అంటుంటే ముందున్న ఒకావిడ, "మేమెప్పుడో ఏసినం సార్" అంది.

సభ కార్యదర్శి అక్కడే ఉన్నాడు. ప్రతి కచేరీలోనూ ముందు వరుసలో కూర్చుని తప్పు చోట తల ఊపే పెద్దమనిషి. ఆయన మైకు అందుకుని, సంగీతం సెల్‌ఫోన్ ఆట కాదని ఉపన్యాసం ఇచ్చాడు. ఇకమీదట హాలు ఇచ్చేది లేదన్నాడు.

మెట్లు దిగుతూ మా వియ్యంకుడు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నా తెలుగే నన్ను ముంచింది బావా" అన్నాడు. ఆటో ఎక్కేసరికి ఆ నవ్వు లేదు. అప్పటికే గుండె జబ్బుకు దవాఖానకు తిరుగుతున్నాడు. "ఒక్కసారి హాలంత ఒక్క తాళం మీద నడిస్తే సాలు. అది సూసినంక ఏమైతే అయింది" అన్నాడు. 

చివరికి వరంగల్ కొత్తవాడలో మగ్గం పనివాళ్ల హాలు దొరికింది. ఈసారి ఫోన్లలో "చప్పట్లు కొట్టినట్టు కొట్టండి" అని రాశాడు. నాది బటన్ల ఫోన్. "నీ డబ్బా ఫోన్‌కు ఏం తెల్వదు గానీ, ఇగో" అంటూ ఇత్తడి తాళాలు నా చేతిలో పెట్టాడు. వాటికీ ఒక సెన్సర్ అంటించి ఉంది.

పాట మొదలైంది. పగలంతా మగ్గం ఆడించే చేతులు వెంటనే లయ అందుకున్నాయి. నేను వెనకబడ్డాను. సిగ్గుపడి ఆపేద్దామనుకుంటుండగా పాట నెమ్మదించింది. డోలక్ నెమ్మదించింది, హాలు నెమ్మదించింది. నా దెబ్బ వచ్చి కలిసేదాకా ఆగి, అప్పుడు అందరం కలిసి కదిలాం. లాప్‌టాప్ అందరికంటే వెనక ఉన్నవాడి దెబ్బే ముందుగా వినేలా పెట్టానని తర్వాత చెప్పాడు. అది లయ తప్పడం కాదా అని అడిగాను. "ఎనకబడ్డోన్ని ఇడిచిపెట్టి పోతే అది పాటెట్లయితది బావా?"

పాట సాగుతుంటే ఆయన లాప్‌టాప్ వదిలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు హాల్లో ఖాళీ చేతులతో ఉన్నది ఆయనొక్కడే.

నిన్న హనుమకొండలో సంతాప సభ పెట్టారు, ఇవ్వనన్న ఆ హాల్లోనే. ఆయన గొప్పతనాన్ని మొదటి రోజే గుర్తించానని కార్యదర్శి గద్గదంగా చెప్పాడు. నన్ను మాట్లాడమనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: బతికుండగా మళ్లీ దొరకని హాలు ఆయనకు ఫొటో అయ్యాక దొరికింది.

ఆ తాళాలు నా దగ్గరే ఉన్నాయి, అల్మారాలో నిఘంటువుల పక్కన. కదిపితే సెన్సర్‌లో నీలి దీపం లేచి, కాజీపేటలో మూసి ఉన్న లాప్‌టాప్ కోసం వెతుకుతుంది. "స్విచ్ బంద్ చెయ్ బాపూ, బ్యాటరీ అయిపోతది" అంటుంది వచ్చినప్పుడల్లా మా అమ్మాయి. నేను చేయను. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఒక్క దెబ్బ కొడతాను. ఇత్తడి మోగి ఆగిపోతుంది. దీపం మాత్రం వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతూ, వెనకబడినవాళ్లెవరో వచ్చి కలుస్తారన్నట్టు చాలాసేపు చూస్తుంది.